లామినేషన్ చేయించిన నో డ్యూ

నేను ఒక కాగితాన్ని. ఒక వైపే అచ్చయిన, అయిదు వాక్యాల కాగితాన్ని. నన్ను నో డ్యూ సర్టిఫికెట్ అంటారు. ఫలానా మనిషి మాకు ఒక్క రూపాయి కూడా బాకీ లేదని చెప్పడమే నా ఉద్యోగం. ఇంత చిన్న మాటకి రెండు సంతకాలు, ఒక గుండ్రటి ముద్ర, అడుగున ఒక నంబరు కావలసి వచ్చాయి. బాకీ ఉందని చెప్పడానికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు, పొద్దున్నే ఒక ఫోన్ చేస్తే చాలు.

నేను పుట్టింది రావులపాలెంలో, ఒక ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో. నిజానికి మేం కవలలం. ప్రింటర్లోంచి ముందు నేను వచ్చాను, నా వెనకే అచ్చం నాలాంటి తమ్ముడొచ్చాడు. ఇద్దరికీ సంతకాలయ్యాక గుమస్తా ప్రసాదరావు నన్ను కౌంటర్ మీద నుంచి బయటికి తోశాడు. తమ్ముడికి పక్కన రెండు చిల్లులు పొడిచి ఫైల్లో బిగించాడు. వాణ్ణి చూసి జాలిపడ్డాను. నేను ఊళ్ళు తిరుగుతాను, వాడు బీరువాలో బొద్దింకలకి తోడుంటాడు అనుకున్నాను. ఆ పొగరు తర్వాత దిగింది లెండి.

నన్ను అందుకున్న మనిషి ఆత్రేయపురం మంగతాయారు. పూతరేకులు చేసి అమ్ముతుంది. హైవే పక్కన కొట్టు పెడదామని ఈ కంపెనీలో అప్పు తీసుకుంది. గాజు బీరువాలు కొన్న మూడో నెలలో లాక్‌డౌన్ వచ్చింది. రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరూ తిరగని రోజుల్లో పూతరేకులు ఎవరు కొంటారు? వాయిదాలు తప్పాయి, జరిమానాలు పెరిగాయి. చివరికి రాజమండ్రిలో అప్పుల సలహా కేంద్రానికి వెళ్ళింది. అక్కడివాళ్ళు కంపెనీతో మాట్లాడి, జరిమానాలు తీసేయించి, అసలూ వడ్డీ ముప్పై ఆరు నెలల్లో తీర్చేలా కాగితం రాయించారు. ముప్పై ఆరూ కట్టింది. ఒక నెల గాజు బీరువా అమ్మి కట్టింది, ఒక నెల ముక్కుపుడక తీసి కట్టింది.

ఆవిడ తాపత్రయమంతా తన పేరు కోసం కాదు. ఆ అప్పుకి హామీ సంతకం పెట్టింది తోటికోడలు భాగ్యవేణి. రెండేళ్ళ కిందట వేణి ప్యాకింగ్ మిషన్ కొనుక్కుందామని బ్యాంకుకి వెళితే, నువ్వు హామీ ఉన్న అప్పు మొండిబాకీ అయింది, నీ రికార్డూ పాడైందని పంపేశారు. ఆ రోజు నుంచి తాయారుతో మాటల్లేవు.

పూతరేకులు ఇద్దరు చేసే పని. ఒకరు కాలిన కుండ మీద పిండిగుడ్డ లాగి రేకు తీస్తే, ఇంకొకరు నెయ్యి రాసి, పంచదార చల్లి చుట్టాలి. పదిహేనేళ్ళు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు రెండిళ్ళ మధ్య గోడకి ఇటొకటి, అటొకటి పొయ్యిలు పెట్టుకున్నారు. ఎవరి రేకు వాళ్ళే తీసి, వాళ్ళే చుట్టుకునేవారు. లేచి వచ్చి చుట్టేసరికి రేకు పెళుసెక్కి విరిగిపోయేది. మనుషులు పంతం కోసం ఎంత సరుకైనా పాడుచేసుకుంటారు.

నన్ను ఇంటికి తెచ్చాక తాయారు నా నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది. తర్వాత తీసుకెళ్ళి వేణి గుమ్మంలో నిలబడింది.

"అయిపోయిందే వేణీ. నీ పేరు మీద మచ్చ పోయింది. ఇదుగో చూడు" అంది.

వేణి నన్ను రెండు వైపులా తిప్పి చూసి తన దగ్గరే ఉంచుకుంది. మర్నాడు పొద్దున్నే సెంటర్లో జిరాక్స్ అబ్బులు కొట్టుకి తీసుకెళ్ళింది.

"దీనికి ప్లాస్టిక్ వేయండి. మా ఇళ్ళలో అన్నీ నెయ్యి చేతులు కదండీ, పాడైపోద్ది. మూడేళ్ళ కష్టం ఇది" అంది.

అబ్బులు ముప్పై రూపాయలు తీసుకుని వేడి మిషన్లోంచి నన్ను పంపాడు. ఇవతలికి వచ్చేసరికి తళతళలాడుతున్నాను. వేణి నన్ను గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి బరువు పెట్టి వెళ్ళిపోయింది. తాయారు ఆ రాయి తీసి నన్ను చూసుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. నాకూ గొప్పగానే అనిపించింది. ఈ దేశంలో ముఖ్యమైన కాగితాలకి జరిగే మర్యాద నాకూ జరిగిందనుకున్నాను.

ఆ ధైర్యంతో వేణి మళ్ళీ బ్యాంకుకి వెళ్ళింది. అక్కడి మేనేజరు నన్ను చూడనైనా చూడలేదు.

"కాగితం చెబితే చాలదమ్మా, కంప్యూటర్ చెప్పాలి. ఇందులో సెటిల్డ్ అని ఉంది. అంటే పూర్తిగా కట్టకుండా ఎంతోకొంతకి తెంపుకున్నారని అర్థం. అప్పిచ్చినవాళ్ళే ఇది తప్పని రాసి సరిచేయించాలి" అన్నాడు.

వేణి నన్ను మళ్ళీ గోడ మీద పెట్టింది. ఈసారి "కంప్యూటర్లో సెటిల్డ్ అని ఉంది, కంపెనీవాళ్ళే మార్పించాలట" అని రాసిన చీటీ కూడా రాయి కింద పెట్టింది. మాటలు లేకపోయినా ఆ గోడ వాళ్ళిద్దరికీ పోస్టాఫీసులా పనిచేసేది.

తాయారు ప్రతి సోమవారం రావులపాలెం బస్సెక్కడం మొదలుపెట్టింది. ప్రసాదరావు చెడ్డవాడు కాదు, రూలు దాటి ఆలోచించే అలవాటు లేదు, అంతే. అసలు కాగితం మీద అందినట్టు ముద్ర వేసి, తేదీ రాసి హైదరాబాదు హెడ్డాఫీసుకి పంపితేనే అక్కడివాళ్ళు రికార్డు మారుస్తారట. ముద్ర ఎత్తి నా మీద గుద్దాడు. సిరా ప్లాస్టిక్ మీద జారిపోయింది. జేబురుమాలుతో తుడిచి మళ్ళీ గుద్దాడు, మళ్ళీ జారింది. గోటితో నా మూల ఊడదీయబోతే బ్రాంచి మేనేజరు సంతకం కూడా లేచి రావడం మొదలెట్టింది. నా ప్రాణం పోయినంత పనైంది.

"కొత్తది ఇవ్వండి బాబూ" అంది తాయారు.

"మీ ఖాతా క్లోజ్ అయిపోయిందమ్మా. క్లోజైన ఖాతాకి లెటర్ రాదు."

"మరి క్లోజ్ అవ్వలేదని కదండీ కంప్యూటర్లో ఉంది?"

"అది వేరే కంప్యూటరు."

నాలుగు సోమవారాలు ఇదే సంభాషణ. పని జరగకపోయినా, బెంచీ మీద ఉక్కపోతలో తాయారుకి నేను విసనకర్రగా బాగా పనికొచ్చాను. ప్లాస్టిక్ వల్ల గాలి గట్టిగా వస్తుంది. ఇంటికెళ్ళాక గోడ మీద చీటీలో "ఇంకో వారం రమ్మన్నారు" అని రాసేది. ఎందుకు రమ్మన్నారో ఒక్కసారీ రాయలేదు.

అయిదో సోమవారం వేణి కూడా అదే బస్సెక్కింది. వేరే సీట్లో కూర్చుంది. బ్రాంచిలో తాయారు వెనక నిలబడి, ముద్ర జారడం, ప్రసాదరావు తల అడ్డంగా ఊపడం అంతా చూసింది.

"ఆ ప్లాస్టిక్ వేయించింది నేనండి. ఆవిడది ఏ తప్పూ లేదు. నన్ననండి, ఆవిణ్ణెందుకు తిప్పుతారు?" అంది.

తాయారు వెనక్కి తిరగలేదు. నన్ను మాత్రం కౌంటర్ మీద కొంచెం పక్కకి జరిపి వేణికి చోటిచ్చింది. రెండేళ్ళ తర్వాత వేణి తన తరఫున మాట్లాడుతోంది.

వేణి నా అడుగున ఉన్న నంబరు మీద వేలు పెట్టింది. "మేం హైదరాబాదుకి పూతరేకుల పెట్టె పంపినా, అదే నంబరుతో రెండో బిల్లు మా దగ్గర ఉంచుకుంటామండి. మీరు ఉంచుకోరా?"

ప్రసాదరావు లేచి బీరువా తెరిచాడు. దుమ్ము దులిపి ఫైలు తిప్పితే నా తమ్ముడు బయటపడ్డాడు. ఏ చమటా, ఏ పసుపూ అంటని ముఖంతో, చిల్లుల చెవులతో. ముద్ర వాడి మీద చక్కగా పడింది. బ్రాంచి తలుపు దాటని ఆ తమ్ముడే మా వంశం పరువు నిలబెట్టాడు. ఊళ్ళు తిరిగిన నేను గాలి విసరడం నేర్చుకున్నాను.

నలభై రోజులకి ఇద్దరి రికార్డులూ మారాయి. సెటిల్డ్ పోయి క్లోజ్డ్ వచ్చింది. వేణికి ప్యాకింగ్ మిషన్ అప్పు మంజూరైంది. ఇద్దరూ బ్యాంకుకి వెళ్ళారు, ఎందుకైనా మంచిదని నన్నూ తీసుకెళ్ళారు. నన్ను ఎవరూ అడగలేదు.

"హామీ ఎవరమ్మా?" అన్నాడు మేనేజరు.

"మా అక్కండి" అంది వేణి.

తాయారు గాభరా పడింది. "నా సంతకమెందుకే? నా వల్ల పడ్డది చాల్లేదా నీకు?"

"నువ్వు కడతావని నాకు తెలిసింది కదా అక్కా. నేను కడతానని నీకూ తెలియాలిగా."

అప్పుడే కరెంటు పోయింది. తాయారు కళ్ళు తుడుచుకుని కుడిచేత్తో హామీ సంతకం పెడుతూ, ఎడమచేత్తో వేణికి నాతో విసురుతూనే ఉంది.

ఇప్పుడు నా మకాం పొయ్యి పక్కన. మళ్ళీ ఒకే పొయ్యి. వేణి రేకు తీస్తుంది, తాయారు చుడుతుంది. కొబ్బరాకు మంట తగ్గినప్పుడు ఎవరో ఒకరు నన్ను అందుకుంటారు. వేడికి నా మూల ఒకటి కరిగి ముడుచుకుంది, ప్లాస్టిక్ పొగకి పసుపుపచ్చగా మారింది. ఎవరికీ ఏ బాకీ లేదన్న వాక్యం ఇంకా చదవడానికి వస్తోంది. ఆ వాక్యాన్ని ఈ ఇంట్లో ఎవరూ నమ్మరు. నిన్న కూడా చివరి రేకు ఎవరు తినాలని "నువ్వు తిను" అంటే "నువ్వు తిను" అని ఇద్దరూ పోట్లాడుకుంటూ ఉంటే అది పెళుసెక్కి విరిగిపోయింది.