పన్నెండు అంగలు

జక్కయ్య బాబాయి కొబ్బరికాయను మద్రాసు ఎయిర్‌పోర్టులోనే లాగేసుకున్నారు. కాయలో నీళ్ళున్నాయట, విమానంలోకి నీళ్ళు తీసుకుపోకూడదట. "నీళ్ళు కనిపెట్టే కాయలో నీళ్ళు గాక ఇంకేం ఉంటయ్ సార్?" అని బాబాయి అడుగుతుండగానే అక్కడి ఆఫీసరు కాయను డబ్బాలో పడేశాడు. కొలంబో దాకా బాబాయి నా మీదే విసుక్కున్నాడు, లాక్కున్నది నేనే అయినట్టు.

మా ఊరు ముప్పాళ్ళ చుట్టుపక్కల ఎవరైనా బోరు వెయ్యాలంటే ముందు ఆయన్ని పిలుస్తారు. ఆయన సిలువ గుర్తు వేసుకుని, పిలక ఉన్న కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి పొలమంతా నడుస్తాడు. కింద నీళ్ళున్న చోట కాయ లేచి నిలబడుతుంది. అక్కడ సున్నంతో గుర్తు పెట్టి ఇంటికి వెళ్ళిపోతాడు. మర్నాడు నేను బోరు లారీతో వెళ్ళి ఆ గుర్తు మీద బోరు వేస్తాను. నీళ్ళు పడితే పొగడ్తలు ఆయనకు, పడకపోతే తిట్లూ ఆయనకే. ఈ షాకిర్ వంక ఎవరూ చూడరు. ఈ పనిలో నాకు బాగా నచ్చేది అదే.

మొన్న ఎండాకాలం ముప్పాళ్ళలో ఆనంద్ బాబు అనే రైతు పొలంలో ఆరువందల అడుగులు దించినా తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలేదు. జక్కయ్య చెయ్యి చచ్చిపోయిందని ఊరంతా ఒకటే మాట. ఆరు నెలలుగా ఆయన్ని పిలిచినవాడు లేడు. అప్పుడే కువైట్‌లో తోట చూసుకునే మా బావమరిది సమీర్ ఫోన్ చేశాడు. వాళ్ళ యజమానికి ఎడారిలో బోరు కావాలట. పాయింటు చూపించేవాడూ వేసేవాడూ జంటగా రావాలి, ఒక్కడే వస్తే వద్దన్నాడు. అలా బయల్దేరాం. దారిలో కొలంబోలో తొమ్మిది గంటలు ఆగాలి.

"ఊరికే కూర్చోడం ఎందుకు బాబాయ్, బీచ్ చూసొద్దాం" అన్నాను.

"ముందు కాయ చూద్దాం. చచ్చిన చెయ్యేసుకుని ఎడారికి పోయి ఏం చేసేది? ఈడ చుట్టూ నీళ్ళే గదా. ఈడ కాయ లెగిస్తే కువైట్ విమానం ఎక్కుతా. లెగవకపోతే ఇంటికే."

ఆటో మాట్లాడుకుని నెగొంబో బీచ్‌కి వెళ్ళాం. దారి పొడుగునా కొబ్బరిచెట్లే. కానీ పిలక ఉన్న కాయ మాత్రం దొరకలేదు. అంగళ్ళలో నున్నగా గీకేసిన వంటకాయలు, లేకపోతే నారింజ రంగు బోండాలు. బాబాయి వద్దని చెప్పేలోపే ప్రతివాడూ బోండాం కొట్టేసి స్ట్రా పెట్టేవాడు. పారెయ్యలేక నేనే తాగాను. అయిదు తాగాను.

చివరికి బీచ్ పక్కన అంగడి పెట్టుకున్న ఒక ముసలమ్మకు నాకొచ్చిన తమిళంలో చెప్పాను. బోరు పని నాకు నేర్పింది తిరుచెంగోడు వాళ్ళు, తిట్లతో పాటు కాస్త తమిళం కూడా అబ్బింది.

"పిలక ఉన్న కాయ ఎందుకు, పూజకా?" అందామె.

"కాదమ్మా, నీళ్ళు వెతకడానికి."

ఆమె నన్ను చూసింది, బాబాయిని చూసింది. తర్వాత చెయ్యెత్తి సముద్రం చూపించింది.

అయినా మంచి మనిషి. పెరట్లోకి వెళ్ళి తొక్కతో ఉన్న కాయ తెచ్చి, పిలక ఉంచి ఒలిచి ఇచ్చింది. బాబాయి సిలువ గుర్తు వేసుకుని, కాయను అరచేతిలో పడుకోబెట్టి ఇసుకలో నడవడం మొదలుపెట్టాడు. ఇదేదో గారడీ అనుకుని తెల్లవాళ్ళు నలుగురు ఫోన్లు తీశారు. కాయ కదల్లేదు. మధ్యాహ్నం గేదెలా హాయిగా పడుకుంది. బాబాయి అలల్లోకి దిగాడు. కాయ లేవలేదు. మోకాలి లోతు సముద్రంలో నిలబడి, అక్కడ నీళ్ళున్నాయో లేవో తేల్చుకోలేని మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"ఉప్పునీళ్ళు గదా బాబాయ్" అన్నాను.

"నోర్ముయ్యి." ఒడ్డుకొచ్చి కూలబడ్డాడు. "అయిపోయిందిరా షాకిరూ. నిజంగానే చచ్చిపోయింది చెయ్యి." ఆ చేతిని లుంగీకేసి తుడుస్తున్నాడు, ఎంతసేపటికీ ఆపడం లేదు.

నాకు సిగ్గేసింది. భయం కూడా వేసింది, కానీ సిగ్గే ఎక్కువ.

"బాబాయ్, ఆనంద్ బాబు పొలంలో నువ్వు సున్నం పెట్టిన చోట పైన కరెంటు తీగలున్నయ్. రిగ్గు లేపితే తగులుద్ది. లారీ పక్కకి జరిపి ఏశా. ఎవరికీ చెప్పలా."

తిడతాడనుకున్నాను. "ఎంత జరిపావ్?" అన్నాడు.

"పన్నెండు అంగలు. తూర్పుకి."

"నడువు. నడిచి చూపీ."

నీళ్ళ అంచు నుంచి తూర్పుకి లెక్కపెడుతూ నడిచాను. పన్నెండో అంగ ఒక తెల్లావిడ పరుచుకున్న తువ్వాలు మీద పడింది. ఆమె కేక పెట్టింది. బాబాయి అక్కడి నుంచి నా దాకా ఉన్న ఇసుకంతా చూశాడు.

"అంత దూరమంట్రా!" అని అరిచాడు. "ఆరు నెలల్నుంచీ ఈ చేత్తో అన్నం తినాలంటే రోతగా ఉందిరా నాకు! ఇప్పుడే ఆనంద్ బాబుకి ఫోన్ చెయ్యి!"

చుట్టూ చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆటో డ్రైవరు తన ఫోన్ నుంచి నెట్ ఇచ్చాడు. అయిదు బోండాలు తాగినా నా నోరు ఎండిపోయింది. స్పీకర్ పెట్టి మొత్తం చెప్పాను. ఆనంద్ బాబు నన్నూ నా లారీనీ మా తాతనూ కలిపి తిట్టాడు. ఇరవై ఏళ్ళలో ఈ పనిలో నా వాటా నాకు అందడం అదే మొదటిసారి. ఆ తర్వాత గొంతు తగ్గించి, "జక్కయ్య బాబాయి పక్కనున్నాడా?" అన్నాడు.

బాబాయి ఫోన్ అందుకున్నాడు. "రెండో కరెంటు స్తంభానికి పడమర నాలుగంగలు, ఆనందూ. తీగలు జరిపించుకో. తొందరేం లేదు, నీళ్ళు యాడికీ పోవు."

ఫోన్ నాకిచ్చి, కాయను ముసలమ్మకు తిరిగిచ్చేశాడు.

"ఇంకోసారి పెట్టి చూడవా?" అన్నాను.

"ఎందుకు? ఈడ నీళ్ళున్నయ్యని గుడ్డోడికి గూడా తెలుసు. దానికి కాయెందుకు లెగుద్ది?"

నీళ్ళు దొరికాయా అని ముసలమ్మ అడిగింది. దొరికాయి, మా ఊళ్ళో అని చెప్పాను.

కువైట్ విమానానికి లైన్లో నిలబడ్డాం. ఉత్త చేతులతో బాబాయి నాకంటే ముందున్నాడు. తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు.

"ఆడ సున్నం పెట్టనురోయ్. పాయింటు మీద నేనే నిలబడతా. లారీ జరపాలంటే ముందు నన్ను జరుపు."