ఇనుము పడుకున్న రోజు

ముందే ఒప్పేసుకుంటాను: విశ్వకర్మ పూజ బూందీ చూస్తే నాకు ఒళ్ళుమంట.

మా నాన్న త్రినాథరావుకి భిలాయిలో ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. నేను ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ ముగించి, ఆ షెడ్డు వెనకాలే, మిగిలిన కడ్డీలూ ఇనప వలా పెట్టి లారీ అంత రేడియో డిష్ కట్టించుకున్నాను. సిగ్నస్ ఎక్స్-3 కోసం. అదొక నక్షత్రాల జంట. రెండూ ఐదు గంటల్లోపే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేస్తాయి. గామా కిరణాలు కూడా చిమ్ముతాయని అప్పట్లో పెద్ద చర్చ. రేడియోలో మామూలుగా గొణుగుతుంది. ఎప్పుడో ఒకసారి వందల రెట్లు అరిచి, కొన్నాళ్ళకే చల్లారిపోతుంది. ఆ అరుపుని కాగితం మీద గీతగా పట్టిస్తే పరిశోధనకి తీసుకుంటానని బెంగళూరు వెళ్ళిన మా లెక్చరర్ సుబ్రహ్మణ్యం గారు మాటిచ్చారు. లేదంటే నాన్న ఆఫీసులో కొటేషన్లు టైపు చెయ్యడమే.

చిక్కల్లా చుట్టుపక్కల షెడ్లలో రాత్రీపగలూ, ఆదివారాలు కూడా సాగే వెల్డింగే. ఒక్క మెరుపు మెరిస్తే చాలు, నా రికార్డరు పెన్ను పిచ్చెక్కినట్టు ఊగేది.

ఆ సెప్టెంబరు పదిహేడు పొద్దున్నే సార్ టెలిగ్రాం: అరుస్తోంది. పరిగెత్తాను. డిష్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. మెయిన్ స్విచ్చికీ దండే. విశ్వకర్మ పూజ రోజున మా దగ్గర స్క్రూడ్రైవరు కూడా ముట్టరు. అంటే ఏ షెడ్డులోనూ వెల్డింగ్ లేదు. ఏడాది మొత్తానికి నాకు దొరికే నిశ్శబ్దం అదొక్కటే.

డిష్ తిప్పాలంటే నలుగురు కావాలి. హెడ్ వెల్డరు అప్పలసూరి బాబాయిని బతిమాలాను.

"ఇది పని చెయ్యదు బాబాయ్, ఊరికే వింటాది."

"వినడం పని కాదేటమ్మా? మీ పిన్నినడుగు."

నాన్న దగ్గరికెళ్ళాను. కసిరినా బాగుండేది, కసరలేదు.

"నీ నచ్చత్రం రేపుండదేటి?"

"ఉంటాది. అరుపుండదు."

"పూజ మానేసిన ఏడే కదే, సూరిగాడి వేళ్ళు పోయినాయి."

నా వెనకే వచ్చిన బాబాయి ఎడమ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. నేను డిష్ దగ్గరికి తిరిగొచ్చేశాను.

చీకటి పడేసరికి నక్షత్రం నెత్తిమీదికొచ్చింది. దండేసిన డిష్ కింద కూర్చుని బూందీ తిన్నాను.

మర్నాటి నుంచి, ఆగిపోయిన పనికోసం అన్ని షెడ్లలోనూ రెట్టింపు వెల్డింగ్. పెన్ను కాగితమంతా గీకింది. అందులో నక్షత్రం ఎక్కడుందో దేవుడికే తెలియాలి. ఆ వారంలోనే రెండో టెలిగ్రాం: చల్లారింది.

ఇది నాన్న ఆఫీసులో కొటేషన్లు కొట్టే టైపు మిషన్ మీదే కొడుతున్నాను. వచ్చే సెప్టెంబరుకి దీనికీ దండ పడుతుంది. కోప్పడదామంటే మనిషి దొరకని రోజు మీకూ వచ్చి ఉంటే రాయండి. దాన్నెలా మింగారో తెలుసుకోవాలనుంది.