గుంజలు నిలిపిన డెక్కు

బావ ఇంట్లో వడ్రంగి బావమరిది మాట ఏనాడూ సగానికి మించి చెల్లలేదు. ఐదేళ్ల కిందట పెరటివైపు చెక్క అరుగులాంటి డెక్కు కట్టినప్పుడూ అంతే. అక్కడ నేల వాలు. గోడ దగ్గర నడుమెత్తున మొదలైన డెక్కు చివరికొచ్చేసరికి మనిషెత్తయింది.

"పలకలు బిగించే ముందు దూలాల మీద తారు పట్టీ అంటించాలి బావా. లేకపోతే స్క్రూ దిగిన చోటల్లా నీళ్లు పట్టేస్తాయి," అని వడ్రంగి నెత్తీనోరూ కొట్టుకున్నాడు.

"లోపల ఎవడు చూడొచ్చాడయ్యా?" అన్నాడు బావ. పట్టీ లేకుండానే పలకలు పడ్డాయి.

మొన్న వానలు వెలిశాక అక్క ఫోన్ చేసింది, అడుగేస్తుంటే మెత్తగా ఉంటోందిరా అని. వడ్రంగి వెళ్లి ఒక పలక ఊడదీశాడు. పలక నిక్షేపంగా ఉంది. దాని కింద దూలం మాత్రం నల్లబడిపోయింది. స్క్రూడ్రైవరు గుచ్చితే పిడిదాకా దిగింది. పక్క దూలమూ అంతే, ఆ పక్కదీ అంతే.

"మొత్తం విప్పి మళ్లీ కట్టాల్సిందే బావా. అప్పటిదాకా ఎవరినీ ఎక్కనివ్వకండి."

"ఆదివారం నా రిటైర్మెంట్ విందు. ముప్పై మందిని పిలిచాను. వాళ్లని గాల్లో కూర్చోబెట్టనా?"

"హాల్లో పెట్టుకుందాం."

"పైకి అద్దంలా ఉంటే పుచ్చిపోయిందంటావేంటి? పని దొరక్క నా మీద పడ్డావా?"

వడ్రంగి అక్కవైపు చూశాడు. ఆవిడ తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తోంది.

శనివారం బావ పైన రంగు వేయిస్తుంటే, ఇతను కిందకి దూరాడు. బురదలో మోకాళ్ల మీద పాకుతూ, పుచ్చిన ప్రతి దూలం కిందా గుంజ నిలిపి, సందుల్లో చెక్కముక్కలు కొట్టి బిగించాడు. పలకల మధ్యనుంచి రంగు చుక్కలు మెడ మీద పడుతూనే ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం ముప్పై మందీ ఎక్కారు. ఇతను గుమ్మంలోనే నిలబడి అందరి పాదాలనే చూశాడు. ఒక లావుపాటాయన కుర్చీలో దభీమని కూలబడితే ఇతను ఒక అడుగు ముందుకేశాడు. ఏమీ కాలేదు. డెక్కు కిర్రుమని కూడా అనలేదు.

బావ లేచి, పలకల్ని మడమతో రెండుసార్లు దడదడలాడించాడు. "ఇది కూలిపోతుందని మా బావమరిది నన్ను హడలగొట్టాడండోయ్!"

అందరూ గొల్లుమన్నారు. "కింద గుంజలు..." అంటూ ఇతను నోరు తెరిచాడు గానీ, ఆ నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు. తను నిలిపిన గుంజలే తన మాటను అబద్ధం చేశాయి.

అతిథులు వెళ్లాక వంటింట్లో అక్కను పట్టుకున్నాడు. "ఆ గుంజలు తడినేల మీదున్నాయక్కా. నాలుగు వానలు పడితే కుంగుతాయి. నువ్వన్నా అక్కడ బట్టలారేయకు."

"మానేస్తే ఎందుకని అడుగుతారురా. నువ్వు చెప్పావని తెలిస్తే నిన్నింక గడప తొక్కనివ్వరు."

వారం తిరక్కుండానే మళ్లీ ముసురు పట్టింది. అది వెలిసిన పొద్దున ఇతను గుంజలు చూసుకుందామని వచ్చేసరికి అక్క తడిబట్టల బకెట్టుతో డెక్కు మీదకి నడుస్తోంది.

"గోడవారనే ఉండక్కా!"

సరేనని తలూపింది. గోడవార నీడగా ఉంది. ఎండ తగిలే చివరికి వెళ్లి, దుప్పటి దులిపి తీగ మీద వేసింది.