పదిహేడు బొట్లు

నేను ఒక వీడియో గేమ్ పెట్టెని. ఇప్పటి పిల్లలకి నన్ను చూపిస్తే ఇది బీరువానా అని అడుగుతారు. అడగనివ్వండి, పోలిక ఉన్నమాట నిజమే. ఛాతీ దగ్గర టీవీ, నడుం దగ్గర ఒక హ్యాండిలు, మూడు బటన్లు, మోకాళ్ళ దగ్గర రూపాయి బిళ్ళ వేసే కన్నం. బిళ్ళ పడిందంటే ఆకాశంలోంచి శత్రువుల ఓడలు దిగుతాయి. వాటిని కాల్చాలి. అందుకోసం మూడు ప్రాణాలు ఇస్తాను. దేవుడు ఇచ్చింది ఒక్కటే కదా, అందుకేనేమో నా ముందు నిలబడితే ఎంత పిరికివాడికైనా ధైర్యం వచ్చేది.

నా ఒళ్ళు తయారైంది మద్రాసులో. చేసినవాడు పెళ్ళి మంచాలు చేసే వడ్రంగి. అలవాటు పడ్డ చెయ్యి ఊరుకోక నా ఎడమ పక్క చట్రం మీద ఒక లత చెక్కడం మొదలుపెట్టాడు. ఇదేమన్నా శోభనం మంచమా అని మేస్త్రీ కేకేస్తే ఆపేశాడు. ఒక్క ఆకు మిగిలిపోయింది. ఇప్పటికీ ఉంది, వస్తే చూడొచ్చు. నా బుర్ర, అంటే లోపలి బోర్డు, సముద్రం దాటి వచ్చింది. పిక్చర్ ట్యూబు ఎవరి ఇంట్లోనో వార్తలు చూపించి రిటైరైన టీవీది. విశాఖపట్నంలో ఒక ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ పక్కన కొన్నాళ్ళు, రాజమండ్రిలో ఒక లాడ్జీ మెట్ల కింద కొన్నాళ్ళు ఉన్నాను. ఆ తర్వాత సామర్లకోట స్టేషన్ రోడ్డులో నూకరాజు కొట్లోకి వచ్చాను.

నూకరాజు మంచివాడు. నన్ను కొడుకులా చూసుకున్నాడు. కొడుకులా అంటే ఎలాగో మీకు తెలుసు కదా, నాలుగు మాటలు తిట్టి అయిదో మాటకి తుడిచేవాడు. ఊళ్ళో కాలేజీ కుర్రాళ్ళు, కాకినాడ బండి కోసం ఎదురుచూసే ప్రయాణికులు, బండి తప్పిపోయినా పట్టించుకోని ప్రయాణికులు, అందరూ నా ముందు వరస కట్టేవాళ్ళు.

కొట్టు తీసే పని మాత్రం అతని చెల్లెలు తాయారుది. మంగతాయారు పూర్తి పేరు. అప్పటికి ఇరవై రెండేళ్ళు. పొద్దున్నే వచ్చి ఊడ్చి, కళ్ళాపి జల్లి, చిన్న తాళంచెవితో నా వెనక తలుపు తీసి పెయింటు బ్రష్షుతో లోపలి దుమ్ము దులిపేది. ఆ చిన్న తాళంచెవి ఆమె మెళ్ళో నల్లతాడుకి పిన్నీసుల మధ్య ఉండేది. దులపడం అయ్యాక వీధి వైపు ఒకసారి చూసి, ఆడేది.

మిషను మీద చెయ్యి పెట్టకూడదని అన్న చెప్పి ఉన్నాడు. ఆడపిల్లలు ఆడే ఆట కాదన్నాడు. అతను అలా అన్న సంగతి నా హ్యాండిలుకి తెలియదు. దానికి తెలిసిందల్లా ఆమె చెయ్యి. ఎందరో నన్ను గుద్దారు, తన్నారు, మెలిపెట్టారు. ఆమె ఒక్కతే పెరుగు చిలికినట్టు ఆడించింది.

ఇక్కడ నా లోపం ఒకటి చెప్పుకోవాలి. కరెంటు పోతే నాకు స్కోర్లేవీ గుర్తుండవు. ఎంత గొప్ప స్కోరైనా చెరిగిపోతుంది. సామర్లకోటలో ఆ రోజుల్లో కరెంటు రోజుకి నాలుగుసార్లు పోయేది. అందుకని తాయారు ఒక ఉపాయం కనిపెట్టింది. తన పాత స్కోరు తనే దాటినప్పుడల్లా నుదుటి మీద స్టిక్కర్ బొట్టు తీసి నా వెనక తలుపు లోపలి పక్కన అంటించేది. ఎర్రవి, మెరూన్‌వి, ఒక పండక్కి పెట్టుకున్న తళుకు బొట్టు. ఇంటికెళ్ళాక బొట్టు ఎక్కడ పారేసుకొచ్చావే అని వాళ్ళమ్మ తిట్టేది. అలా పదిహేడు చేరాయి.

కొట్టు తెరవగానే వచ్చే కుర్రాళ్ళకి తెర మీద ఎవరూ అందుకోలేని స్కోరు అప్పటికే కనబడేది. తలుపు తియ్యకముందు ఎవడు ఆడాడురా అని కొట్టుకు చచ్చేవాళ్ళు. మిషను దానంతట అదే పెట్టుకుంటుందని నూకరాజు సర్దిచెప్పేవాడు. పాపం, నిజంగానే అలా అనుకున్నాడు. ఆ స్కోరు కోసం రెండేళ్ళు తపస్సు చేసి ఇంటర్ తప్పినవాడు ఒకడున్నాడు. పేరు కరీముల్లా. గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

ఆ ఏడు దసరాకి నూకరాజు ఆయుధ పూజ ఘనంగా చేశాడు. ఒళ్ళంతా పసుపు రాశాడు, బొట్లు పెట్టాడు, బంతిపూల దండ వేశాడు. గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టి, రెండు చిప్పలూ జాగ్రత్తగా పట్టుకుని లోపలికి వచ్చాడు. చల్లగా ఉండాలి తల్లీ అంటూ ఆ నీళ్ళు నా నెత్తి మీద పోశాడు. అందాకా కొడుకుని, ఆ క్షణంలో తల్లినయ్యాను. నా నెత్తి మీద వేడి పోవడానికి కన్నాలు ఉంటాయి. నీళ్ళు వాటిలోంచి ట్యూబు వెనకాల ఉండే ట్రాన్స్‌ఫార్మర్ మీదకి చల్లగా దిగాయి.

మర్నాడు పొద్దున తాయారు ఊడ్చింది. పండగ కదా, లోపలికి దుమ్మేం చేరి ఉంటుందిలే అని ఆ రోజు వెనక తలుపు తియ్యలేదు. స్విచ్చేసి హ్యాండిలు పట్టుకుంది. టప్‌మంది. పొగ వచ్చింది. సరిగ్గా అప్పుడే నూకరాజు టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చాడు.

"ముట్టుకోవద్దన్నానా లేదా? చెయ్యి పెట్టావు, చంపేశావు" అన్నాడు.

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడుకుని తేల్చుకునేవాళ్ళు. ఎత్తకపోవడం వల్ల అది అక్కడే నాటుకుంది. కొట్టు తాళాలు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. మెళ్ళో చిన్న తాళంచెవి సంగతి అతనికి గుర్తులేదు, గుర్తుచేసే ధైర్యం ఆమెకి లేదు. రాజమండ్రి నుంచి వచ్చిన మెకానిక్కు తాళం లేక కన్నాల్లోంచి టార్చి వేసి, వాసన చూసి, పోయిందండి అని చెప్పి వెళ్ళిపోయాడు. నిజం నా కడుపులో ఉంది. చెబుదామంటే నాకు వచ్చిన మాటలు రెండే. బిళ్ళ వెయ్యమనీ, ఆట అయిపోయిందనీ. అవీ ఆ రోజుతో పోయాయి.

వీడియో గేముల కొట్టు కర్రీ పాయింటు అయింది. నన్ను మూలకి నెట్టి నా నెత్తి మీద విస్తళ్ళ కట్టలు పెట్టారు. హ్యాండిలుకి ఉల్లిపాయల సంచి తగిలించారు. తాయారు పెళ్ళయి పక్కవీధికే వెళ్ళింది, పగలంతా అన్న దగ్గరే వంట. అక్కడి నుంచి ముప్పై ఏళ్ళు రోజూ చూశాను. ఆమె మిక్సీ ముట్టుకోదు. మోటారు స్విచ్చి ఎవరైనా వెయ్యాలి. సెల్‌ఫోను ఎవరైనా చెవి దగ్గర పెడితే మాట్లాడుతుంది. ఏమ్మా కరెంటంటే భయమా అని జనం నవ్వితే, "నా చెయ్యి మంచిది కాదండి" అనేది, ఏదో జాతకం సంగతి చెప్పినట్టు. పచ్చళ్ళన్నీ రోట్లోనే రుబ్బేది. చిత్రమేమిటంటే కర్రీ పాయింటుకి పేరు వచ్చిందే ఆ రోటి పచ్చళ్ళతో. పెద్దాపురం నుంచి కూడా వచ్చి పట్టుకెళ్ళేవాళ్ళు. ఎంత బాగా రుబ్బిందమ్మా అనేవాళ్ళే గానీ, ఎందుకు రుబ్బుతోందని ఒక్కరూ అడగలేదు.

కిందటేడు కొత్త ఫ్రిజ్ వస్తోందని నన్ను పాత సామాన్ల బండికి ఎక్కించారు. రైల్వే గేటు పడి బండి ఆగింది. అక్కడ టీవీ రిపేరు కొట్టు ముందు కూర్చున్న మనిషి చేతిలో స్క్రూడ్రైవరు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. నా హ్యాండిలు మీద చెయ్యి వేశాక గుర్తుపట్టాను. ఇంటర్ తప్పిన కరీముల్లా. ఒక చచ్చిన ఫ్రిజ్ బండివాడికిచ్చి బదులుగా నన్ను దింపుకున్నాడు. బతికున్న టీవీలే రావడం లేదు, చచ్చినదాన్ని తెచ్చుకున్నాడని వాళ్ళావిడ రెండు రోజులు మాట్లాడలేదట. నిజమే, ఇప్పుడు ట్యూబు టీవీలు ఎవరికున్నాయి? అతనూ నాలాంటివాడే అయ్యాడు.

వెనక తలుపు పగలగొట్టడం ఇష్టం లేక తాళంచెవి కోసం నూకరాజు దగ్గరికి వెళ్ళాడు. ఎప్పుడో పోయింది, పగలగొట్టేసుకో అన్నాడు నూకరాజు. ఆ మధ్యాహ్నం తాయారు వచ్చింది. కొట్టు గుమ్మం బయటే నిలబడి, మెళ్ళో నల్లపూసల పక్కనున్న పిన్నీసుల గుత్తిలోంచి తాళంచెవి తీసి, చెయ్యి చాచి ఇచ్చింది. లోపలికి రానంది.

కరీముల్లా తలుపు తీశాడు. బొట్లు కనబడ్డాయి. కొన్ని వెలిసిపోయాయి గానీ ఒక్కటీ ఊడలేదు. వాటి కేసి చూశాడు, గుమ్మం కేసి చూశాడు. వేలితో లెక్కపెట్టాడు.

"పొద్దున్నే తెర మీదుండే ఆ స్కోరు మీదా అక్కా?"

ఆమె తల వంచుకుంది.

"నేను ఇంటర్ తప్పింది మీ వల్లనన్నమాట" అన్నాడు. ఆమె నవ్వబోయి ఆపుకుంది.

తర్వాత లైటు లోపలికి పెట్టి చాలాసేపు చూశాడు. ట్రాన్స్‌ఫార్మర్ మీద నుంచి కిందదాకా ఎండిపోయిన తెల్లటి చార. దానికి అంటుకుని రెండు కొబ్బరి పీచు పోగులు, కుంకం. మెల్లిగా అడిగాడు, అప్పుడు దీని మీద కొబ్బరినీళ్ళు పోశారా అని. ఆయుధ పూజకి అన్నయ్య పోశాడని చెప్పింది.

"మరేనండి. ఇది మీ చెయ్యి కాదు. ముందురోజే పోయింది. స్విచ్చి ఎవరేసినా టప్‌మనేదే. నేనేసినా అంతే."

"ఊరడింపుకి అంటున్నారు మీరు."

"వచ్చి చూడండి."

ఆమె గుమ్మం దాటింది. వంగి చూసింది. ఆ చార మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఖరికి, "ఇన్నేళ్ళు నా కోసమే ఏడ్చానండి, ఇప్పుడు ఎవరి కోసం ఏడవాలో తెలియడం లేదు" అని, వెళ్ళబోతూ ఒక్క మాట అడిగింది.

"అన్నయ్యకి చెప్పకండి. పూజ చేసిన చెయ్యి ఆయనది. తట్టుకోలేడు."

చూశారా మనుషుల సంగతి. నింద తన మీద పడ్డప్పుడు ముప్పై ఏళ్ళు మోసింది, అన్న మీద పడేసరికి ముప్పై నిమిషాలు ఉండనివ్వలేదు.

నాలుగు నెలలు పట్టింది. చెదలు తిన్న అడుగు చెక్క మార్చాడు, వడ్రంగి ఆకు జోలికి పోలేదు. టూత్ బ్రష్షుతో నా బుర్ర కడిగాడు. కాకినాడ అంతా తిరిగి ఒక పాత టీవీలోంచి ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాడు. మొదటిసారి వెలిగినప్పుడు ఎరుపు రాలేదు, శత్రువుల ఓడలన్నీ ఆకుపచ్చగా దిగాయి. అరటికాయల్లా ఉన్నాయని అతనే నవ్వుకుని మళ్ళీ విప్పాడు. వెనక తలుపు మాత్రం తడిగుడ్డ కూడా తగలనివ్వలేదు.

అన్నీ కుదిరాక, ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, అన్నాచెల్లెళ్ళని పిలిచాడు. తాయారు ఒట్టి చేతులతో వచ్చింది. నూకరాజు కొబ్బరికాయతో వచ్చాడు. మళ్ళీ లేచి నిలబడ్డ వస్తువు కదా, ఒట్టి చేతులతో ఎలా వస్తాడు. గుమ్మం దగ్గర కొట్టాడు. రెండు చిప్పలూ జాగ్రత్తగా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కరీముల్లా నోరు తెరిచాడు గానీ మాట ఇచ్చి ఉన్నాడు, మింగేశాడు. చిప్పలు నా నెత్తి మీదకి వచ్చాయి.

"అన్నయ్యా, నీళ్ళు దాని మీద పొయ్యకు" అంది తాయారు.

"ఎందుకే? అప్పుడూ పోశాగా."

నూకరాజు చెల్లెల్ని చూశాడు. నా నెత్తి మీద కన్నాలు చూశాడు. చేతిలో చిప్పల కేసి చూశాడు.

"అప్పుడూ పోశాగా" అన్నాడు మళ్ళీ. ఈసారి అడిగినట్టు లేదు.

బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళు మట్టిలో పోశాడు. తాయారు వెళ్ళి పక్కన నిలబడింది.

"తెలిసి చేశావా ఏంటి. చల్లగా ఉండాలనేగా పోశావు."

"నీకెప్పుడు తెలిసింది?"

"నాలుగు నెలలైంది."

"చెప్పలేదే."

ఒక్క మాట అనేసి, ముప్పై ఏళ్ళూ మళ్ళీ ఆ సంగతి ఎత్తకుండా ఉన్నది తనే అని అప్పుడు నూకరాజుకి తట్టి ఉంటుంది. లేచి లోపలికి వచ్చి స్విచ్చి నువ్వే వెయ్యమన్నాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని, నా చెయ్యి మంచిది కాదు కదా అన్నయ్యా అంది, అలవాటుగా.

"నీ చేతికేం లేదమ్మా. ఆ మాటన్న నోరు నాది" అన్నాడు.

పలక మీద ఓనమాలు దిద్దించినట్టు ఆమె చెయ్యి తన చేత్తో పట్టుకుని స్విచ్చి మీద పెట్టాడు. తర్వాత వదిలేశాడు. ఆమె వేసింది.

నేను వెలిగాను.

గొప్పగా ఆడిందని చెబితే అబద్ధం. మూడు ప్రాణాలూ మూడు నిమిషాల్లో పోయాయి. బటను ఏదో హ్యాండిలు ఏదో మర్చిపోయింది. అయినా ఆ పెరుగు చిలికే పట్టు మాత్రం అలాగే ఉంది, నేను మర్చిపోలేదు. ఆట అయ్యాక వెనక్కి వచ్చి, తలుపు తీసి, నుదుటి మీద బొట్టు తీసి పదిహేడో దాని పక్కన అంటించింది. అదేంటక్కా, ఈ స్కోరు పాతదానిలో పావు వంతు కూడా లేదుగా అన్నాడు కరీముల్లా. ఉన్నదే చాల్లెండి అంది.

ఇప్పుడు నేను కరీముల్లా కొట్టు ముందు ఉంటున్నాను. గేటు పడినప్పుడు ఆగినవాళ్ళు ఆడుకుంటారు. కరెంటు పోతే ఇప్పటికీ స్కోర్లన్నీ మర్చిపోతాను, పద్దెనిమిది తప్ప.

నిన్న ఇద్దరు మనుషులు నా ముందు నిలబడి, కర్రీ పాయింటులో పచ్చడి మునుపటిలా లేదని వాపోయారు. ఎవరో మిక్సీలో వేస్తున్నారట. నూకరాజుతో చెబితే, ఆయన అన్నంలో కలుపుకుని తింటూ, తల ఎత్తకుండా, "నాకు బానే ఉందండి" అన్నాడట.