మెట్ల కింద చిన్న తలుపు

నేను ఒక చిన్న తలుపును. భీమిలిలో ఒక పాత మేడ మెట్ల కింద ఉంటాను. విరిగిపోయిన పడవ చెక్కలతో నన్ను వడ్రంగి సన్యాసయ్య చేశాడు. అందుకేనేమో, నా అవతల ఒక సముద్రం ఉంది. ఆ సంగతి సన్యాసయ్యకూ తెలియదు. పెద్దవాళ్లు నన్ను తెరిస్తే పాత చేటలూ గోనెసంచులే కనిపించేవి. వాళ్లు వెతికేవి అవే గనక నేనేమీ అనుకునేదాన్ని కాదు.

కింది వాటాలోకి కాసులమ్మ ఇద్దరు కూతుళ్లతో అద్దెకు దిగింది. పెద్దది నూకరత్నానికి పదేళ్లు, చిన్నది బంగారికి ఆరు. దాగుడుమూతలాడుతూ బంగారి నన్ను తెరిచింది. ఎదురుగా నీలం ఇసుక, గాలిలో ఈదే చేపలు. అప్పటినుంచి అక్కచెల్లెళ్లు బడి నుంచి రాగానే అటు వెళ్లి, అమ్మ పిలిచేలోపు వచ్చేసేవారు.

ఒక శనివారం బంగారి ఒక్కతే వెళ్లింది. అంతలో ఇంటి యజమాని జగన్నాథం గారు తాపీమేస్త్రీని తీసుకొచ్చారు. మెట్ల కింద ఎలుకలు చేరుతున్నాయట, నాకు అడ్డంగా గోడ కట్టించాలట. మేస్త్రీ లోపలికి ఓసారి తొంగిచూసి నన్ను మూశాడు. మూడు వరసల ఇటుకలు పేర్చాడు. అరవడానికి నాకు నోరు లేదు.

బజారు నుంచి వచ్చిన నూకరత్నం అది చూసి నిలబడిపోయింది.

"చెల్లి లోపలుంది," అంది.

"లోపల ఎవులూ నేరు పాపా. సూసే కట్టేను," అన్నాడు మేస్త్రీ.

నూకరత్నం తడి ఇటుకలను కాలితో తోసేసి, నన్ను లాగి లోపలికి దూరింది.

బంగారి ఒడిలో రెక్క చిరిగిన చేపపిల్ల ఉంది.

"దీన్ని ఒగ్గీసి ఎలా వత్తానప్పా?" అని అక్కని అడిగింది.

"తలుపుకి గోడ కట్టేత్తన్నారే. మరింక మనకి అమ్మ కనపడదు."

బంగారి కాసేపు ఏడ్చింది. తర్వాత ఆ చేపపిల్లను మోసుకెళ్లి పెద్ద చేపల గుంపులో వదిలింది. ఇద్దరూ చేతులు పట్టుకుని బయటికొచ్చారు.

గొడవ విని వచ్చిన కాసులమ్మ నా ముందే నిలబడి ఉంది. బంగారి జుట్టులోంచి చిటికెడు నీలం ఇసుక తీసి వెలుతురులో చూసింది. తిట్టలేదు.

"ఎలకల మాట నాను సూసుకుంటాను బాబూ. ఈ తలుపుండనీండి," అంది జగన్నాథం గారితో. ఆయన విసుక్కుంటూనే ఇటుకలు తీయించారు.

మర్నాడు పిల్లలతో పాటు ఆమె కూడా వచ్చి నా ముందు చతికిలబడింది.

"ఇందులో నాను పడతానేటే?"

"ఒంగితే పడతావమ్మా," అంది బంగారి.

ఆమె చెప్పులు విడిచి, కుచ్చిళ్లు ఎగదోపుకుంది. అంత పెద్ద మనిషి నాలోంచి అటు వెళ్లడం అదే మొదలు. ఆమె భుజాలు నాకు కొంచెం గీసుకున్నాయి గాని, హాయిగానే ఉంది.