పెళ్ళికూతురి మొహం మీద పాప

ఇలా రండి, ఆ గుమ్మంలో కూర్చుంటే సగం మాటలు వీధిలోకి పోతాయి. ఇంకా దగ్గరికి జరగండి. కాళ్ళు ముడుచుకుంటే అందరికీ చోటు సరిపోతుంది. ఇది నవ్వుకునే కథ కాదు. మధ్యమధ్యలో నవ్వొస్తే నవ్వండి, తప్పులేదు. మంచినీళ్ళకని మాత్రం లేవకండి. మీరు తిరిగొచ్చేసరికి కథ చల్లారిపోతుంది.

రంగులమ్మ అని ఒకావిడ ఉండేది. అసలు పేరు ఇంకేదో. ఫొటోలన్నీ నలుపూ తెలుపుగా ఉండే రోజుల్లో స్టూడియోలో కూర్చుని సన్నటి కుంచెతో వాటికి రంగులు వేసేది కనుక ఆ పేరు అతుక్కుపోయింది. బుగ్గకి ఇంత గులాబి, పెదవికి ఇంత ఎరుపు, చీరకి ఎవరు అడిగిన రంగు వాళ్ళకి. "నన్ను కాస్త తెల్లగా చెయ్యమ్మా" అని బతిమాలనివాళ్ళు లేరు. ఒక పెద్దమనిషి బట్టతలకి జుట్టు పెట్టమన్నాడు. ఒత్తుగా పెట్టింది. ఇంటికి తీసుకెళితే వాళ్ళావిడ ఆ ఫొటో చూసి "ఎవరండీ ఈయన, బాగున్నాడు" అందట.

ఆ స్టూడియోలో ఫొటోలు తీసే అతన్నే పెళ్ళి చేసుకుంది. అతనికి ఒక అక్క. ఆవిడకి ఈ పెళ్ళి మొదట్నుంచీ గిట్టలేదు. వీధిలో ఎవరింట్లో పాలు పొంగినా "మంట తగ్గించవే" అని ఆవిడ గొంతే ముందు వినిపించేది. అందుకని అందరూ ఆవిణ్ణి పెత్తనాలమ్మ అనేవారు, ఆవిడ వినకుండా. "మా తమ్ముడికి మొహాలకి సున్నం వేసే పిల్ల దొరికింది" అని పెళ్ళి రోజున ఒక మాట అంది. ఎన్నేళ్ళు గడిచినా ఆ మాట అనడం మాననేలేదు.

రంగులమ్మకి ఒక్కతే కూతురు. మూడేళ్ళు నిండి రెండు నెలలైంది, జ్వరం వచ్చింది, నాలుగో రోజుకి పోయింది. మరో ఆరేళ్ళకి మొగుడూ పోయాడు. అప్పుడు పెత్తనాలమ్మే వచ్చి మరదల్ని తన ఇంటికి తీసుకెళ్ళి వెనక గది ఇచ్చింది. ఉన్నమాట చెప్పుకోవాలి, తిండికి లోటు చెయ్యలేదు. కామెర్లు వచ్చినప్పుడు పథ్యం వండి, పక్కన కూర్చుని తినిపించింది. అలా తినిపించిన చేతులే ఇంకో రెండు పనులు కూడా చేశాయి. తమ్ముడి నెగెటివ్‌ల డబ్బాలు చోటు తింటున్నాయని పాత సామాన్లవాడికి వేసేసింది. ఫొటోలేమో "ఇంటి ఫొటోలు ఇంటి ఆల్బంలో ఉండాలి" అని తీసుకుని, తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది.

వాటిలో పాపది ఒకే ఒక్క ఫొటో. తండ్రి తీశాడు, తల్లి రంగులు వేసింది. దానికి జోడీ లోకంలో ఇంకెక్కడా లేదు. అది చూడాలనిపిస్తే రంగులమ్మ వదినని అడగాలి. వదిన తీరిక చూసుకుని, తాళం తీసి, ఆల్బం తన ఒళ్ళోనే పెట్టుకుని, ఆ పేజీ తిప్పి "చూశావుగా" అని మూసేసేది. కూతుర్ని చూసుకోవడానికి తల్లికి దొరికేది గుక్క తిప్పుకునేంత సేపు.

ఒక ఏడాది వాన పట్టుకుంది. మూడు రోజులు తెరిపి లేదు. మురుగుకాలవ వెనక్కి తన్ని ఇళ్ళలోకి మోకాలిలోతు నీళ్ళు వచ్చాయి. పెత్తనాలమ్మ బియ్యం బస్తాలని మంచం ఎక్కించింది, కుట్టుమిషన్ని బల్ల ఎక్కించింది, మొగుణ్ణి కుర్చీ ఎక్కించింది. ఆయన పేపరు పట్టుకుని, కాళ్ళు పైకి పెట్టుకుని ఎక్కిన కుర్చీ దిగలేదు. మంచం కింద ట్రంకుపెట్టె ఉందన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

నీళ్ళు తీశాక పెట్టె తెరిస్తే ఆల్బం నానిన రొట్టెలా ఉబ్బిపోయి ఉంది. మామూలుగా ఆల్బంలో పేజీకీ పేజీకీ మధ్య గరగరలాడే పల్చటి కాగితం ఒకటి ఉంటుంది కదా, ఫొటోలు ఒకదానికొకటి తగలకుండా. పెత్తనాలమ్మ ఎప్పుడో ఆ కాగితాలన్నీ చింపేసింది. దిండు గలీబుల మీద పువ్వులు కుట్టడానికి, డిజైను దించుకోవడానికి బాగుంటాయట! దాంతో ఈ పేజీలో మొహాలు ఆ పేజీలో మొహాలకి అంటుకుపోయాయి.

"ఎండలో పడేసి, ఆరాక ఇస్త్రీ చేస్తే సరి" అని పెత్తనాలమ్మ రెండు ఫొటోలు పట్టుకుని లాగబోయింది.

"ముట్టుకోకండి!" అని అరిచింది రంగులమ్మ. ఆ ఇంట్లో ఆవిడ గొంతెత్తడం అదే మొదలు. పేపరు వెనక ఆయన కూడా తలెత్తి చూశాడు.

"నా ఇంట్లో నా వస్తువు ముట్టుకోడానికి నీ సెలవు కావాలటే?"

"అది కాదు వదినా. బొమ్మ కాగితంలో ఉండదు. కాగితం మీద మీగడలాంటి పొర ఉంటుంది, బొమ్మంతా అందులోనే. తడిసినప్పుడు వేలు తగిలితే ముక్కూ మూతీ ఊడొచ్చేస్తాయి. ఎండబెడితే అతుక్కున్నవి ఇక జన్మలో విడవవు. చల్లనీళ్ళలో ఉంచి, వాటంతటవి వదిలేదాకా ఆగాలి. నేను చేస్తాను, అన్నీ నేనే చేస్తాను."

"చెయ్యి మరి. చేతులు అరిగిపోతాయా?"

రంగులమ్మ ఇన్నేళ్ళుగా అడగలేనిది అప్పుడు అడిగింది. "అన్నీ అయ్యాక పాప ఫొటో నాకిచ్చెయ్యండి వదినా. నా గదిలో పెట్టుకుంటాను."

పెత్తనాలమ్మ ఉబ్బిన ఆల్బం వంక చూసింది, మరదలి చేతుల వంక చూసింది. "సరే. పని పూర్తయ్యాక ఇస్తాను. నేను మాటంటే మాటే, తెలుసుగా!"

అంతే, వెనక గది ఆస్పత్రి అయిపోయింది. రంగులమ్మ స్టూడియో నుంచి ఫొటోలు కడిగే పాత పళ్ళేలు అడిగి తెచ్చుకుంది. బిందెలతో మంచినీళ్ళు పట్టుకుంది. పేజీలు ఒక్కొక్కటే నీళ్ళలోకి దించి, బురద కడిగి, నీళ్ళు మార్చి, మళ్ళీ మార్చి, అంచు కాస్త లేచిందంటే కిందకి సన్నటి ప్లాస్టిక్ కాగితం జార్చి విడదీసేది. ఊపిరి బిగబట్టి చేసేది. విడిపోయినవాటిని గోడకీ గోడకీ కట్టిన తాడు మీద బట్టల క్లిప్పులతో వేలాడదీసేది. మామగారి పక్కన ఎవరిదో మేక, దాని పక్కన తోటికోడలి చెల్లెలు, అలా వరసగా. పక్కింటావిడ తొంగిచూసి, "మీ చుట్టాలందరినీ ఒకేసారి ఉరి తీశావేంటమ్మా!" అంది. రంగులమ్మ నవ్వింది. ఆ వారం రోజులూ ఆవిడ నవ్వుతూనే ఉంది. ఎన్ని ఫొటోలు ఆరితే పాప అంత దగ్గరికొస్తున్నట్టు ఉండేది.

ఎనిమిదో రోజు పొద్దున ఒక్క జత మిగిలింది. అందరికంటే గట్టిగా అంటుకున్నవి అవే. పాప ఫొటో, దానికెదురుగా పెత్తనాలమ్మ పెళ్ళికూతురు ఫొటో.

ఆ పెళ్ళికూతురు ఫొటో సంగతి చెప్పాలి. పెత్తనాలమ్మ ఆ ఒక్క ఫొటోలో అందంగా ఉండేది. అంతకు ముందూ తర్వాతా ఎందులోనూ లేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఆ వచ్చే ఆదివారం నాటికి పెళ్ళై నలభై ఏళ్ళు. బంధువులందరినీ పిలిచింది. ఆ ఫొటోని తలుపంత చేయించి ముందుగదిలో పెట్టించాలని ఆవిడ పంతం. మధ్యాహ్నానికల్లా ఫొటో ఇస్తేనే ఆదివారానికి అవుతుందని స్టూడియో అతను కచ్చితంగా చెప్పేశాడు.

రంగులమ్మ రెండిటినీ విడదీస్తుంటే వదిన నెత్తిమీద నిలబడి ఉంది. అంచు లేచింది. ప్లాస్టిక్ కాగితం లోపలికి వెళ్ళింది. పాప ఫొటో కాగితం మెల్లగా చేతిలోకి వచ్చింది. చూస్తే తెల్లటి కాగితం. ఏమీ లేదు.

రంగులమ్మ కాగితాన్ని వెనక్కీ ముందుకీ తిప్పింది. మళ్ళీ పళ్ళెంలోకి చూసింది. నీళ్ళ అడుగున పెళ్ళికూతురు చెక్కుచెదరకుండా ఉంది. ఆ మొహం మీద, పొరలా, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి, పాప ఉంది. మొత్తం ఉంది. ఎక్కడా చిరగలేదు. ఆ పొర ఒక మూల అప్పుడే లేచి నీళ్ళలో ఆడుతోంది.

"దొరికింది!" అంది రంగులమ్మ. "వదినా, దొరికింది. అలా చూడండి, మూల లేస్తోంది. రేపటిదాకా కదపకుండా ఉంచితే దానంతటదే తేలుతుంది. కొత్త కాగితం మీదికి తీసుకుంటాను. మీదీ పాడవదు, పాపా పాడవదు. ఒక్కరోజు."

"మధ్యాహ్నానికి ఇవ్వాలని నీకు తెలుసు."

"ఒక్కరోజు వదినా. స్టూడియో అతని కాళ్ళు నేను పట్టుకుంటాను."

"ఆదివారం జనం ముందు ఖాళీ గోడ చూపించమంటావా? తుడిచెయ్ దాన్ని."

రంగులమ్మకి మాట అర్థమైంది కానీ లోపలికి పోలేదు. "దేన్ని?"

"నా మొహం మీదున్నదాన్ని."

"పోనీ అతన్నే ఇక్కడికి పిలిపించండి. పళ్ళెంలో ఇలాగే ఉండగా ఒక్క ఫొటో తీస్తాడు. అరగంట పని. ఆ తర్వాత మీ ఇష్టం."

"భలే చెప్పావే! పెళ్ళికూతురి మొహం మీద చచ్చిపోయిన పిల్లని పెట్టి ఫొటో తీయిస్తావా? అది నలుగురూ చూడాలా? శుభమా అని వేడుక చేసుకుంటుంటే!"

రంగులమ్మ గుమ్మం వైపు తిరిగింది. అక్కడ పేపరు ఉంది, పేపరు వెనక ఆయన ఉన్నాడు. "అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. ఎత్తుకుని తిప్పారు కదా దాన్ని."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మీ ఆడవాళ్ళ మధ్య నేనెందుకమ్మా" అని పేజీ తిప్పాడు.

పెత్తనాలమ్మ పైటకొంగు చివర వేలికి చుట్టుకుని పళ్ళెం మీదికి వంగింది. "నువ్వు తుడుస్తావా, నన్ను తుడవమంటావా?"

రంగులమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నేనే తీస్తాను" అంది.

ఎందుకందో తెలుసా? వదిన తుడిస్తే ముక్కలు కూడా మిగలవు. తను తీస్తే, కుంచె మీదికి ఎక్కించుకుని, ఇంకో నీళ్ళ పళ్ళెంలోకి జార్చి, ఎలాగో పరుచుకోవచ్చని ఆశ. అన్నిటికంటే మెత్తటి కుంచె తీసింది. లేచిన మూల దగ్గర మొదలుపెట్టింది. పాప కాళ్ళు వచ్చాయి. గౌను వచ్చింది. మెడ దగ్గర ఇంకా పట్టుకుని ఉంది. అక్కడ నీళ్ళు పొయ్యాలి, ఆగాలి, మళ్ళీ పొయ్యాలి.

"ఎంతసేపే? పదకొండయింది."

"వస్తోంది వదినా. ఒక్క ఐదు నిమిషాలు."

"దానికి జో కొడుతున్నావా? కానియ్!" అని పెత్తనాలమ్మ మరదలి మోచేతిని ఒక్క తోపు తోసింది.

పాల మీద మీగడ చెంచాకి చుట్టుకున్నట్టు ఆ పొరంతా కుంచెకి చుట్టుకుపోయింది. రంగులమ్మ దాన్ని పక్క పళ్ళెంలో ముంచి, విప్పబోయింది. విప్పినకొద్దీ పోగులైంది. ఒక పోగులో కనుబొమ్మ ఉందనుకుంది, కదిలిస్తే అదీ లేదు. కాసేపటికి పళ్ళెంలో బూడిదరంగు నీళ్ళు మాత్రమే మిగిలాయి.

పెత్తనాలమ్మ తన ఫొటోని వెలుతురుకి పట్టి చూసుకుంది. మచ్చ లేదు. "అబ్బ, పనితనం ఉందే నీకు" అంది మెచ్చుకోలుగా. వెళ్ళబోతూ వెళ్ళబోతూ ఆగింది. బల్ల మీది తెల్ల కాగితం తీసి మరదలి చేతిలో పెట్టింది. "ఇదిగో, పాప ఫొటో ఇస్తానన్నాను కదా. నేను మాటంటే మాటే."

వెక్కిరింపుకి అన్నదని అనుకుంటారేమో. కాదు. నిజంగానే మాట నిలబెట్టుకున్నాననుకుంది ఆవిడ. ఆ కాగితం వెనక తండ్రి పెన్సిల్‌తో రాసుకున్న పాప వయసు ఉంది. ముందువైపు ఏమీ లేదు.

ఆదివారం ముందుగది నిండిపోయింది. తలుపంత ఫొటో గోడ మీదికెక్కింది. "ఈవిణ్ణి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు పిన్నీ?" అని ఒక కొంటె పిల్ల అంటే అందరూ విరగబడి నవ్వారు. "అది నేనేనే, తింగరిదానా!" అని పెత్తనాలమ్మ కూడా నవ్వింది, సిగ్గుపడుతూ. మొగుడు ఆ ఫొటో వంక చాలాసేపు చూశాడు. ఏమంటాడోనని ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. "మేకు గట్టిగా కొట్టారా? సోఫా మీద పడితే కష్టం" అన్నాడు. నీళ్ళలో తడిసిన ఫొటో ఇంత బాగా ఎవరు చేశారని ఎవరో అడిగితే, "స్టూడియోవాళ్ళే" అంది పెత్తనాలమ్మ. రంగులమ్మ గ్లాసులు అందిస్తూ ఆ ఫొటో కిందనుంచి పదిసార్లు అటూ ఇటూ తిరిగింది.

తర్వాత ఆవిడ పాపని బొమ్మ గీసుకుందామనుకుంది. వేల మొహాలకి రంగులు వేసిన చెయ్యి, కన్నకూతురి మొహం రాదా? ఆ తెల్ల కాగితం మీదే మొదలుపెట్టింది. నుదురు వచ్చింది. కళ్ళ దగ్గరికొచ్చేసరికి చెయ్యి పెద్దదాని కళ్ళు గీసింది. చెరిపింది. మళ్ళీ అవే. ఆఖరిసారి పాపని ఎక్కడ చూసిందో అక్కడే, ఆ పళ్ళెంలోనే, ఆవిడ కళ్ళు ఆగిపోయాయి. కళ్ళు మూసుకుంటే పాప వస్తుంది, పాప వెనకే పెళ్ళికూతురు వస్తుంది. ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం ఆ పనిలో అంత ఆరితేరినదానికే చేతకాలేదు. పక్కింటావిడ ఒకరోజు పలకరిస్తే చెప్పింది, "నా కూతురు నాకు మా వదినలా కనిపిస్తోందే" అని. చెరిపి చెరిపి ఆ కాగితం కూడా చిల్లుపడింది.

అదే ఇంట్లో, అదే వెనక గదిలో ఇంకో పద్నాలుగేళ్ళు బతికింది. వేళకి అన్నం పెట్టింది పెత్తనాలమ్మ, ఏ పూటా తప్పలేదు.

ఇదీ సంగతి. గుర్తుపెట్టుకోండి. ఆ పాపకి ఇప్పుడు ఫొటో లేదు, చూసినవాళ్ళూ లేరు. ఒక పాప ఉండేదని చెప్పుకునే నోరు ఉంటే చాలు. మీ పిల్లలకి చెప్పండి. చెప్పేటప్పుడు మీకు జాలేసి ఏదో ఒకటి కలపాలనిపిస్తుంది. పెత్తనాలమ్మ ఆఖర్న బాధపడిందనీ, మరదలి చేతులు పట్టుకుని ఏడ్చిందనీ. అలా కలపొద్దు. ఆవిడ ఏడవలేదు. ఎలా జరిగిందో అలాగే చెప్పండి.