ఒక ఇటుక ఖాళీ

మా వీధిలో పన్నెండు ఇళ్ళు. ఆ పన్నెండు ఇళ్ళ పెరటి గోడలూ నేను కట్టినవే. ముప్పై ఏళ్ళుగా తాపీ మేస్త్రీని. నా గోడలో చీమ దూరే సందు కూడా ఉండదని అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

నా భార్య గుండెనొప్పితో పోయి ఏడాదిన్నర అయింది. ఇంట్లో నేనూ, మా అత్తగారూ మిగిలాం. కూతురు లేని ఇంట్లో అల్లుడికి వండిపెట్టడం ఆవిడకెంత ఇబ్బందో, ఎదురుగా కూర్చుని తినడం నాకూ అంతే ఇబ్బంది. ముక్తసరిగా రెండు మాటలు, అంతే. మా బావమరిది వారానికోసారి ఫోన్ చేసి, "అమ్మా, నా దగ్గరికి వచ్చెయ్" అనేవాడు. ఆవిడ వెళ్ళిపోతే నన్ను పలకరించే దిక్కుండదని నాకు తెలుసు. ఉండమని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

అలాంటి రోజుల్లో పెరట్లోకి ఒక ముళ్ళపంది వచ్చింది. అడవుల్లో తిరిగే పెద్దది కాదు, దోసిట్లో పట్టేంతది. మూలన ఊడ్చి పోసిన ఎండుటాకుల కుప్పలో కాపురం పెట్టింది. ఒకప్పుడు ఈ పెరళ్ళ నిండా కప్పలు, తొండలు, ఉడుతలు ఉండేవనీ, నా గోడలు లేచాకే అన్నీ కనుమరుగయ్యాయనీ అత్తగారు మొహం మీదే అనేవారు. ఈ ఒక్కటీ ఎలాగో మిగిలింది. సాయంత్రం కాగానే, ఇంకా గోడ పడని ఆ ఒక్క వైపు పుచ్చిపోయిన చెక్క కంచె కింద నుంచి పక్కింటి పెరట్లోకి నత్తల కోసం పోయేది. కొన్నాళ్ళకు నాలుగు పిల్లల్ని పెట్టింది.

"బాలింత. ఆ కుప్ప దగ్గరికి వెళ్ళకు. మనిషి వాసన తగిలితే పిల్లల్ని వదిలేస్తుంది" అని అత్తగారు హుకుం జారీ చేశారు.

అప్పటినుంచి మా ఇంట్లో మాటలు మొదలయ్యాయి. "మీ చుట్టం ఇంకా నిద్ర లేవలేదా అత్తయ్యా?" అని నేనంటే, "లేచి ఏం చేయాలి, నీలా గోడలు కట్టాలా?" అని ఆవిడ. ఏడాదిన్నర తర్వాత ఆవిడ నవ్వగా చూశాను. కొడుకు ఫోన్ చేస్తే, "పిల్లలు కళ్ళు తెరిచి తిరగనీ. అప్పుడు చూద్దాంలే" అన్నారు. ఆ 'చూద్దాం' మీదే నేను ఆశ పెట్టుకున్నాను.

ఇంతలో పక్కింటి పోస్టుమాస్టరు కంచె తీసేసి గోడ కట్టమన్నాడు.

"నువ్వు గోడ కట్టకుండా ఉండలేవు, తెలుసు. దానికి దారి మాత్రం వదులు బాబూ" అన్నారు అత్తగారు.

"ఒక ఇటుక ఖాళీ వదులుతాను అత్తయ్యా. మాటిస్తున్నాను."

వదిలాను కూడా. రెండో రోజు సాయంత్రానికి గోడ పూర్తయింది. ఆ ఖాళీలోంచే తల్లి బయటికి వెళ్ళడం అత్తగారు వంటింటి కిటికీలోంచి చూసి, నిశ్చింతగా లోపలికి వెళ్ళారు.

ఏ గోడ పూర్తయినా నాకో అలవాటు. తట్టలో మిగిలిన సిమెంటు మాలు పారేయకుండా, తాపీ పట్టుకుని గోడ వెంట చివరి చుట్టు తిరుగుతాను. కన్నం కనిపిస్తే నా చెయ్యి ఆగదు. ఆ సాయంత్రమూ తిరిగాను. ఆదివారం బావమరిది వస్తానన్నాడు, వస్తే ఏం చెప్పాలా అనే ఆలోచనలో ఉన్నాను. ఖాళీలో ఇటుక పెట్టాను, మాలు కొట్టాను, నున్నగా తుడిచాను. అది నేనే వదిలిన దారి అని తట్టనే లేదు. దూరంగా నిలబడి గోడ చూసుకుని మురిసిపోయాను.

రెండు రోజులు ఒకటే వాన. అత్తగారు పెట్టిన కట్టడి కదా, కుప్ప దగ్గరికి ఇద్దరం పోలేదు. మూడో రోజు పొద్దున పోస్టుమాస్టరు బకెట్ పట్టుకుని వచ్చాడు.

"మేస్త్రీ గారూ, ఇది మీదేనా? రెండు రోజులుగా మా వైపు నుంచి మన గోడని గీకుతూనే ఉంది."

బకెట్లో తల్లి. ముక్కు చీరుకుపోయింది, ముందుకాళ్ళ గోళ్ళు రక్తం ఓడుతున్నాయి. నేను తల తిప్పి గోడ వైపు చూశాను. అప్పుడు అర్థమైంది.

అత్తగారు దాన్ని కుప్ప దగ్గర వదిలారు. అది ఆకుల్లోకి దూరింది. కాసేపటికి బయటికొచ్చి, గోడ వారగా ఎటో వెళ్ళిపోయింది. ఆవిడ వంగి ఆకులు తీశారు. నాలుగూ ఒకదాన్నొకటి హత్తుకుని, కళ్ళు తెరవకుండానే చచ్చిపోయి ఉన్నాయి.

"అత్తయ్యా, నేను కావాలని..."

"కావాలని చేయలేదు బాబూ, నాకు తెలుసు." ఆవిడ గొంతులో కోపం లేదు. "ఆ రోజు మా అమ్మాయి గుండెల్లో నొప్పి అంటూ నీకు ఫోన్ చేస్తే, ఈ ఇటుకల వరస పూర్తి చేసి వస్తానన్నావు. అదీ కావాలని చేయలేదు. కావాలని చేసుంటే నిన్ను నోరారా తిట్టుకుంటూ ఇక్కడే పడి ఉండేదాన్ని. తిట్టడానికి కూడా లేకపోతే ఎలా ఉండను?"

ఆ మధ్యాహ్నం సుత్తి తీసుకుని ఆ ఇటుక పగలగొట్టాను. ఎవరి కోసమో నాకే తెలియదు.

ఆదివారం బావమరిది కారు వేసుకుని వచ్చాడు. అత్తగారి సామానంతా ఒక్క సంచీలో సరిపోయింది. ఆవిడ వెనక సీట్లో కూర్చున్నాక నేను కారు తలుపు పట్టుకుని, "ఉండండి అత్తయ్యా" అన్నాను. ఇన్నాళ్ళకు నోరు పెగిలింది.

ఆవిడ విన్నారు. నా వైపు చూశారు కూడా. తర్వాత కొడుకుతో, "తలుపు వెయ్యరా, ఆలస్యమవుతోంది" అన్నారు.